ఏ ఫొటోకు ఏ పటం? సూరత్ దారాల నుంచి ఇంటి గోడ దాకా

ఫోన్‌లో వేల ఫొటోలు ఉన్న ఇంట్లో కూడా గోడకెక్కేవి నాలుగైదే. వాటిని దేని మీద అచ్చు వేయించాలి, ఎలా పటం కట్టించాలి, ఏ గోడకు తగిలించాలి అన్నది నిదానంగా ఆలోచించాల్సిన సంగతి. ఎందుకంటే ఫొటో ఎన్నేళ్లు బతుకుతుందో కెమెరా తేల్చదు. అది ఏ కాగితం మీద ఉంది, వెనక ఏ అట్ట ఉంది, పక్కన ఏ తేమ ఉంది అన్నవే తేలుస్తాయి. ఈ సంగతులు నేర్చుకోవడానికి సూరత్ మంచి బడి. అక్కడ వేలమందికి బొమ్మను గుడ్డ మీదికి ఎక్కించడమే బతుకుదెరువు. వాళ్లలో మనవాళ్లు చాలామంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి సాంచల (మరమగ్గాల) పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, డిండోలి వైపు తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే ఎంతమంది ఉన్నారో అర్థమవుతుంది.

ఆవిరైపోయి అతుక్కునే రంగు

సూరత్ ప్రింటింగ్ యూనిట్లలో చీర మీదికి పువ్వు దిగే పద్ధతిలోనే మీ పెళ్లి ఫొటో కూడా దిగుతుంది. ముందు బొమ్మను కుడి ఎడమలు తిప్పి ఒక కాగితం మీద అచ్చేస్తారు. ఆ దశలో రంగులు నీరసంగా, వెలిసిపోయినట్టు ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లు మిషన్ చెడిపోయిందనుకుంటారు. ఆ కాగితాన్ని తెల్లటి పాలిస్టర్ గుడ్డ మీద బోర్లించి దాదాపు 200 డిగ్రీల వేడితో అర నిమిషమో నిమిషమో అదుముతారు. ఆ వేడికి కాగితం మీది రంగు ద్రవంగా మారకుండా నేరుగా ఆవిరవుతుంది. పాలిస్టర్ పోగు కూడా అదే వేడికి సడలి ఆ ఆవిరిని లోపలికి తీసుకుంటుంది. చల్లారాక పోగు బిగుసుకుంటుంది, రంగు లోపలే చిక్కుకుంటుంది. అందుకే గుడ్డను తడిమితే అచ్చు చేతికి తగలదు, ఉతికినా పొరలు లేవవు. ఆ కాగితాన్ని గుడ్డ మీంచి లేపే క్షణం దగ్గర నిలబడి చూడాలి. అప్పటిదాకా బూడిద పూసినట్టున్న నీలం నెమలికంఠం రంగై గుడ్డ మీద మెరుస్తుంటుంది. కాగితం మీద పల్చటి జాడ మాత్రం మిగులుతుంది.

ఈ విద్యను 1957లో కనిపెట్టినవాడు నోయెల్ ద ప్లాస్ అనే ఫ్రెంచి పరిశోధకుడు. ఉత్తర ఫ్రాన్స్‌లోని రూబే అనే నేత పట్నంలో ఒక ఉన్ని బట్టల సంస్థలో పనిచేసేవాడు. నేతగాళ్ల ఊరిలో పుట్టిన పద్ధతి మరో నేతగాళ్ల ఊరిలో ఇంతగా పాతుకుపోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇందులో తెల్ల సిరా ఉండదు. ఫొటోలో తెల్లగా కనిపించాల్సిన చోట రంగు పడదు, గుడ్డ తెలుపే ఫొటో తెలుపవుతుంది. గుడ్డ మీగడ రంగుదైతే పెళ్లికొడుకు మల్లెపువ్వు పంచె కూడా మీగడ రంగులోకి పోతుంది. కాబట్టి ఫొటో ఇచ్చే ముందు ఖాళీ గుడ్డ ముక్కను పగటి వెలుగులో చూపించమని అడగండి.

"అన్నా, మా నాయన ఫొటో నూలు గుడ్డ మీద వేస్తరా?" అని అడిగితే, "ఈ మిషన్ల నూలు మీద నిలువది తమ్మీ, పాలిస్టర్ తెచ్చుకో" అన్న జవాబే వస్తుంది. ఆ మాట నిజం. పత్తి పోగులో ఈ రంగు నిలవదు, రెండు ఉతుకుల్లో పోతుంది. నూలు మీద వేయాలంటే పత్తితో రసాయనికంగా కలిసే వేరే సిరాలు కావాలి. తర్వాత ఆవిరి పట్టాలి, మిగులు రంగు పోయేలా కడగాలి. అదంతా వేరే యంత్రం, వేరే ఖర్చు.

కప్పు మీద ఫొటోలోనూ పాలిస్టరే

పుట్టినరోజుకు ఇచ్చే ఫొటో కప్పు, గోడకు తగిలించే అల్యూమినియం ఫొటో పలక రెండూ ఈ విద్యలోవే. పింగాణీకి గానీ లోహానికి గానీ ఆ ఆవిరిని పీల్చుకునే గుణం లేదు. అందుకే ముందే వాటి మీద పాలిస్టర్ జాతి పూత పూస్తారు. రంగు వెళ్లి కూర్చునేది ఆ పూతలోనే. మామూలు కిరాణా కప్పు తీసుకెళ్లి ఫొటో వేయమంటే దుకాణదారు ఒప్పుకోనిది అందుకే. అల్యూమినియం పలకకు అద్దం అక్కర్లేదు, తేమకు ఉబ్బదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. సముద్రపు గాలి తగిలే ఊళ్లకు, వంటింటి పక్క గోడలకు నేను ముందు చెప్పేది దీన్నే. నేరుగా ఎండ పడే గోడకు మాత్రం వద్దు. ఈ రంగులు ఎండకు త్వరగా వెలుస్తాయి.

లోహం మీద ఫొటో కొత్త ఫ్యాషన్ అనుకుంటాం గానీ ఫొటోగ్రఫీ మొదలైందే లోహం మీద. ఫ్రాన్స్‌లో నీసెఫోర్ నియెప్స్ 1826–27 నాటికి తన కిటికీలోంచి తీసిన దృశ్యం తగరపు మిశ్రమలోహం పలక మీద ఉంది. ఇప్పటికీ అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వారి హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో దాన్ని చూడవచ్చు.

కథ చెప్పే గుడ్డ

గుడ్డ మీద ఫొటో వేయించుకోవడం చవకబారు పని అని కొందరు పెదవి విరుస్తారు. పద్మశాలీలకు ఆ మాట వర్తించదు. వాళ్ల కులపురాణమే గుడ్డ మీద ఉంటుంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలోని నకాషీ చిత్రకారులు పొడవాటి ఖద్దరు గుడ్డ మీద ఆ కథను వరసగా గీస్తారు. కూనపులివారు ఊరూరా తిరిగి, ఆ పటాన్ని పైనుంచి కిందికి మెల్లగా విప్పుతూ, ఒక్కో గడి దగ్గర ఆగి మార్కండేయ పురాణం చెబుతారు. ఆ గుడ్డను బొమ్మకు సిద్ధం చేసే తీరు చూడాలి. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక గుడ్డ నున్నగా, రంగు పీల్చేయకుండా గట్టిగా తయారవుతుంది. ఈ రోజు కాన్వాస్ ప్రింటుకు వాడే గుడ్డకు కర్మాగారంలో వేసే పూత చేసే పని కూడా ఇదే. సిరాను పైనే ఆపుతుంది, లోపలికి పాకనివ్వదు.

కూనపులివారి పటం నుంచి ఆల్బమ్ చేసేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఒక్కో గడిలో ఒక్కటే సంఘటన. పక్క గడికి వెళ్లాలంటే కథ ముందుకు నడవాలి. మన పెళ్లి ఆల్బమ్‌లలో ఒక పేజీలో పదిహేను ఫొటోలు కుక్కి, వెనక గులాబీలు, పావురాలు అతికించే అలవాటు పోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కటీ ఒక పేజీ మొత్తం తీసుకోనివ్వండి.

24 వేల అట్టల ముఖం

అచ్చు వేయకుండా నేతలోనే బొమ్మను తెప్పించవచ్చు. 1839లో ఫ్రాన్స్‌లోని లియాన్ పట్నంలో చిల్లుల అట్టలతో నడిచే మగ్గానికి రూపమిచ్చిన జోసెఫ్ మేరీ జకార్డ్ చిత్తరువును నల్ల తెల్ల పట్టుదారాలతో నేశారు. దానికి చిల్లులు కొట్టిన అట్టలు 24 వేలు పట్టాయి. చూసినవాళ్లు అది నేత అని నమ్మలేక, రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మ అనుకునేవారట. గణన యంత్రాల పితామహుడు చార్లెస్ బాబేజ్ దగ్గర దాని ప్రతి ఒకటి ఉండేది. ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించిన సంవత్సరం కూడా 1839 కావడం విశేషం. సూరత్‌లో జరీ అంచుల చీరలు నేసే జకార్డ్ మగ్గాలకు ఆయన పేరే ఉంది. మన సిరిసిల్లలో యెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని చేత్తో నేసి పంపితే, 2022 నవంబరు ‘మన్ కీ బాత్’లో ప్రధాని దాన్ని ప్రస్తావించారు.

ప్రపంచంలోని పెద్ద ఫొటోల్లో ఒకటీ గుడ్డ మీదే

2006లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, వాడకంలో లేని ఒక సైనిక విమానాల షెడ్డును చీకటి చేసి, గోడకు చిన్న రంధ్రం పెట్టి, షెడ్డునే కెమెరాగా మార్చారు. లోపల వేలాడదీసిన అతుకులేని మస్లిన్ గుడ్డ వెడల్పు 34 మీటర్లు, ఎత్తు దాదాపు 10 మీటర్లు. దానికి 80 లీటర్ల వెండి లవణాల పూత పూశారు. 35 నిమిషాల పాటు వెలుగు పడనిచ్చాక ఈతకొలనంత తొట్టిలో డెవలప్ చేశారు.

నీలి ఫొటో

ఇంట్లో పిల్లలతో చేయదగినది సయనోటైప్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అన్నా ఆట్కిన్స్ అనే ఇంగ్లండు మహిళ సముద్రపు నాచు మొక్కల నీలి అచ్చులతో పుస్తకం మొదలుపెట్టింది. ఇనుము లవణాల ద్రావణం పూసి నీడలో ఆరబెట్టిన గుడ్డ మీద నెగటివ్ పెట్టి ఎండ చూపించి, మామూలు నీళ్లతో కడిగితే చాలు. పాలిస్టర్ మీద సరిగ్గా రాదు, నూలు మీద చక్కగా వస్తుంది. సబ్బుసోడా తగిలితే నీలం పసుపుబారుతుంది, కాబట్టి వట్టి నీళ్లతోనే జాడించాలి. వెలుగుకు కొంచెం పాలిపోయినా కొన్నాళ్లు చీకట్లో ఉంచితే రంగు చాలావరకు తిరిగి వస్తుంది. నాకు తెలిసిన ఫొటో ముద్రణ పద్ధతుల్లో ఇలా కోలుకునే గుణం దీనికే ఉంది.

రాజా దీన్‌దయాళ్ అట్టలు

పాత స్టూడియో ఫొటోలన్నీ మందపాటి అట్టలకు అంటించి ఉంటాయి. అందంతో పాటు దానికి ఇంకో అవసరం ఉంది. 19వ శతాబ్దంలో ఎక్కువ ఫొటోలు గుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం మీద అచ్చయ్యేవి. 1850లో ఫ్రాన్స్‌కు చెందిన బ్లాంకార్ ఎవ్రార్ ఈ పద్ధతిని పరిచయం చేశాడు. తెల్లసొన ఆరాక కాగితాన్ని ముడుచుకుపోయేలా లాగుతుంది. దాన్ని చదునుగా నిలపాలంటే గట్టి అట్టకు అంటించక తప్పదు. జర్మనీలోని డ్రెస్డెన్ ఈ కాగితానికి కేంద్రం. అక్కడ ఒక్క సంస్థే రోజుకు 60 వేల గుడ్లు వాడేదని చెబుతారు.

హైదరాబాద్‌లో ఈ విద్యను శిఖరానికి చేర్చినవారు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసి, 1880ల్లో హైదరాబాద్ చేరారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసమే జెనానా స్టూడియో తెరిచారు. పరదాలో ఉండే మహిళలకు ఇబ్బంది లేకుండా దాన్ని ఒక ఆంగ్లేయ మహిళ నడిపేవారు. ఆయన గాజు పలకల నెగటివ్‌లు 2,857ను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. ఆయన ఫొటోలు అంటించిన అట్టలను చూస్తే అంచుకు, బొమ్మకు మధ్య వదిలిన ఖాళీ ఎంత గౌరవంగా ఉంటుందో తెలుస్తుంది. ఈనాటి ఫ్రేమింగ్ దుకాణాల్లో ఆ ఖాళీని వృథా అనుకుని ఫొటోను అంచుల దాకా పెంచేస్తున్నారు. ఆ పని చేయనివ్వకండి. ఫొటోకు ఊపిరి పీల్చుకునే చోటు కావాలి.

300 అనే అంకె ఎక్కడిది?

ల్యాబ్‌వాళ్లు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. మంచి చూపున్నవాళ్లు ఒక అడుగు దూరం నుంచి చూస్తే విడివిడిగా పోల్చుకోగలిగిన చుక్కల హద్దు దాదాపు అంతే. దూరం పెరిగిన కొద్దీ ఆ అవసరం తగ్గుతుంది. మీటరు దూరానికి 90 లోపే చాలు, రెండు మీటర్లకు అందులో సగం. అందుకే ఫంక్షన్ హాలు ముందు ఎనిమిది అడుగుల ఫ్లెక్సీకి చిన్న ఫొటో కూడా సరిపోతుంది. చేతిలో పట్టుకుని చూసే 12×18 ఆల్బమ్ పేజీకి మాత్రం 5400×3600 పిక్సెళ్లు కావాలి.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అంటే చేతిలో చూసే ప్రింటుకు ఐదు అంగుళాల చిల్లర. సూరత్‌లో ఉన్న తమ్ముడికి ఊళ్లోని అక్క పెళ్లి ఫొటో పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపండి, కుదింపు ఉండదు.

ఇంకో చిక్కు ఆకారంతో వస్తుంది. ఫోన్ ఫొటో 4:3, పెద్ద కెమెరా ఫొటో 3:2, అడిగిన ప్రింటు 8×10. కెమెరా ఫొటోను 8×10 చేయాలంటే 12 అంగుళాల పొడవులో రెండు అంగుళాలు కోసేయాలి. గుంపు ఫొటోలో ఆ చివర, ఈ చివర నిలబడ్డ మేనత్తలు పోయేది ఇక్కడే. ల్యాబ్ మిషన్ తనంతట తాను కోస్తుంది. ఎక్కడ కోయాలో మీరు చెప్పండి, లేదా 8×12 అడగండి.

మన దగ్గర కరిజ్మా ఆల్బమ్ అని పిలిచే పెళ్లి ఆల్బమ్ తెరిస్తే ఒక్కో పేజీల జత 12×36. రెండు పేజీలు కలిసి ఒకటే ఫొటో. నడిమి మడతలో ఎవరి ముఖమూ పడకుండా చూసుకోవడం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. పేజీ ఉపరితలంలో ‘సిల్క్’ రకానికి వేలిముద్రలు కనబడవు, నిజమే. కానీ రేపు దాన్ని స్కాన్ చేయాల్సి వస్తే ఆ గరుకులన్నీ చుక్కలై తేలతాయి. ఒకే ఒక్క ప్రతి ఉండబోతుందంటే మ్యాట్ గానీ గ్లాసీ గానీ తీసుకోండి.

హరిపురా గేట్ల మీద బొమ్మలు

సూరత్ జిల్లాలో తాపీ ఒడ్డున హరిపురా ఉంది. 1938 ఫిబ్రవరిలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభలు అక్కడ జరిగాయి. గాంధీజీ కోరిక మీద నందలాల్ బోస్ ఆ సభల కోసం పోస్టర్లు గీశారు. చర్మకారులు, వడ్రంగులు, వంటచేసే స్త్రీలు, డోలు వాయించేవాళ్లు వాటిలో కనిపిస్తారు. అవి గదిలో కూర్చుని చూసే బొమ్మలు కావు. నడిచి వెళ్లే పల్లెజనం ఆగకుండానే పోల్చుకోవాలి. అందుకే దళసరి గీతలు, మట్టి రంగులు, వెనక ఖాళీ. హాల్లో సోఫా మీంచి చూసే ఫొటోకూ ఇది పనికొస్తుంది. దూరం నుంచి చూడాల్సిన గోడకు ఒకరో ఇద్దరో ఉన్న సాదా ఫొటోను ఎంచుకోండి. యాభైమంది గుంపు ఫొటో దగ్గరికి వెళ్లి చూసే వరండాలోనో మెట్ల పక్కనో బాగుంటుంది.

రంగు సరిగ్గా ఉందా? ఏ లైటు కింద?

సూరత్ అద్దకం మిల్లుల్లో రంగు సరిచూసే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. పగటి వెలుగు, దుకాణపు ట్యూబులైటు, పాతకాలపు పసుపు బల్బు, మూడింటినీ ఒక్కో మీటతో వెలిగించి ఒకే గుడ్డను చూస్తారు. పగటి వెలుగులో ఒకటిగా కలిసిన రెండు ముక్కలు పసుపు బల్బు కింద వేరైపోవడం కళ్లారా చూడవచ్చు. ఫొటోకూ ఇంతే. అచ్చురంగంలో ఫొటో ప్రింటును 5000 కెల్విన్ వెలుగులో చూడాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మనకు ఆ పెట్టె లేకపోతే నమూనా ప్రింటును ఇంటికి తెచ్చుకుని, తగిలించబోయే గోడ దగ్గరే, రాత్రి ఆ గది లైటు వేసి చూడాలి. వెచ్చటి పసుపు లైటు కింద చర్మం రంగు ఎర్రబారుతుంటే పెద్ద ప్రింటుకు ముందే చెప్పి సరిచేయించుకోవచ్చు.

దుకాణదారు గల్లాపెట్టె దగ్గర నోట్లు పరీక్షించే అతినీల లైటు కూడా ఫొటోకు పనికొస్తుంది. మన కరెన్సీ నోటు కాగితం పత్తిది, ఆ వెలుగులో కాగితం మెరవదు. మీకిచ్చిన ‘ఆర్ట్ పేపర్’ను అదే లైటు కింద పెట్టి చూడండి. నీలంగా ధగధగా వెలిగితే దాంట్లో తెలుపు పెంచే రసాయనం కలిసిందని అర్థం. ఆ తెలుపు కాలంతో తగ్గి కాగితం అసలు పసుపు బయటపడుతుంది. తాతల ఫొటోకు వెలగని కాగితమే అడగండి.

చీర పదార్థమే ఫొటోకు కవచం

పాలిస్టర్‌ను 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు. వాళ్లు పనిచేసింది బట్టల మీద అచ్చువేసే సంస్థలో. సూరత్ పక్కన హజీరాలోని రిలయన్స్ కర్మాగారంలో ఈ పాలిస్టర్‌కు మూలసరుకులు తయారవుతాయి. ఇదే పదార్థాన్ని దారంగా కాకుండా పారదర్శకమైన పల్చటి పొరగా తీస్తే, ఫొటోలు దాచే కవర్లలో ప్రపంచ మ్యూజియంలు అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దాన్నే. అది ఫొటోకు అంటుకోదు, ఆమ్లం విడవదు. మనకు చవగ్గా దొరికే మెత్తటి పీవీసీ కవర్లు మాత్రం కొన్నేళ్లకు జిడ్డు కారుస్తాయి, ఫొటోను పట్టేస్తాయి. ఆల్బమ్ కవరు తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే కొనకండి. పీవీసీ నురగపలకే అయిన సన్‌బోర్డుకూ ఇదే వర్తిస్తుంది. ఫంక్షన్ రోజున నిలబెట్టడానికి బాగుంటుంది, దాచుకోవడానికి పనికిరాదు.

పాత నెగటివ్‌ల పెట్టె తెరిచినప్పుడు వెనిగర్ వాసన వచ్చిందా? అది అసిటేట్ ఫిల్ము కుళ్లుతున్న వాసన. ఈ జబ్బును 1954లోనే మొదట నమోదు చేయించింది భారత ప్రభుత్వమని ఫిల్ము చరిత్రలో రాస్తారు. మన వేడికీ తేమకూ అది ముందు బయటపడింది. అలాంటి నెగటివ్‌లను మిగతావాటి నుంచి వేరుచేసి వెంటనే స్కాన్ చేయించాలి. ఆ ఆమ్లం పక్కవాటికీ పాకుతుంది.

1970, 80ల్లో వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లు కూడా ఇలాంటి ముప్పే. ఫొటో ఊడి రాకపోతే గోళ్లతో పీకకండి. మైనం లేని సన్నటి పళ్లదారాన్ని ఫొటో మూల కింద దూర్చి, రెండు చేతులతో పట్టుకుని రంపంలా మెల్లగా ఇటూ అటూ లాగుతూ వెళ్తే జిగురు తెగి ఫొటో క్షేమంగా వస్తుంది.

ఎర్రబారిన పెళ్లిళ్లు

1970, 80ల నాటి రంగు ఫొటోలు అన్నీ ఎర్రబారడానికి కారణం ఎండ ఒక్కటే అనుకుంటాం. పెట్టెలో ఉన్నవీ ఎర్రబారాయి కదా. అప్పటి కాగితాల్లో ఉండే మూడు రంగుల్లో నీలాకుపచ్చ రంగు చీకట్లో కూడా విరిగిపోయేది. అది పోతే మిగిలేది ఎరుపే. తర్వాతి కాగితాలు ఈ విషయంలో చాలా మెరుగుపడ్డాయి. ఎర్రబారిన ఫొటోను స్కాన్ చేస్తే మిగిలిన కొద్ది నీలాన్ని పెంచి చాలావరకు తేరుకునేలా చేయవచ్చు. ఆలస్యం చేసిన కొద్దీ పెంచడానికి కూడా ఏమీ మిగలదు.

అద్దానికి, ఫొటోకు మధ్య

పటం కట్టేటప్పుడు ఫొటో చుట్టూ పెట్టే మౌంట్ బోర్డు చేసే ముఖ్యమైన పని ఫొటోను అద్దానికి తగలకుండా ఆపడం. వానాకాలంలో అద్దం లోపలివైపు చెమ్మ పడుతుంది. ఫొటో మీది జిలటిన్ పొర ఆ చెమ్మకు మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటే ఇక విడదీయడం నిపుణుల వల్ల కూడా కష్టమే. మౌంట్ కిటికీ అంచు చుట్టూ గోధుమరంగు గీత కనబడితే బోర్డులో ఆమ్లం ఉన్నట్టు లెక్క. వెనకవైపు ప్లైవుడ్, ఎండీఎఫ్ నేరుగా ఫొటోకు తగలనివ్వకూడదు, అవీ ఆమ్లపు ఆవిర్లు విడుస్తాయి. ఫొటోను బోర్డుకు మొత్తంగా అంటించకుండా పైఅంచున రెండు కాగితపు పట్టీలతో వేలాడదీయమనండి. మ్యూజియంలవాళ్లు ఆ పట్టీలకు వాడేది గోధుమపిండి గంజి. పడుగుకు గంజి పెట్టే నేతింటివాళ్లకు దాని గుణం ఒకరు చెప్పనక్కర్లేదు. తడిపితే వదులుతుంది.

అదే కారణంతో లామినేషన్ అంటే నాకు భయం. వేడితో అతికిన ఆ పొర ఇక ఊడిరాదు. అక్రిలిక్ పలక వెనక ఫొటోను అంటించే పద్ధతీ అంతే. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆంద్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది ఫొటో అలా అక్రిలిక్‌కు అంటించినదే, 2011లో 43 లక్షల డాలర్లకు అమ్ముడైంది. లోతుగా, తడిగా ఉన్నట్టు రంగులు మెరుస్తాయి. కానీ గీత పడితే మొత్తం కొత్తగా చేయించాల్సిందే. ఫైలు ఉన్న కొత్త ఫొటోకు ఈ రెండూ నిక్షేపంగా చేయించుకోండి. నాయనమ్మది మిగిలిన ఒక్క ఫొటోకు మాత్రం వద్దు.

పూజగది పక్కన పెద్దల పటాలకు కుంకుమ, గంధం పెడతాం, సాంబ్రాణి పొగ వేస్తాం. ఆ గౌరవం అంతా నకలు ప్రతికి జరగనివ్వండి. అసలు ప్రతి కవర్లో, బీరువాలో ఉండాలి. పటాన్ని గోడకు పూర్తిగా ఆనించకుండా కింది మూలల్లో రెండు బెండు బిళ్లలు అతికిస్తే వెనక గాలి ఆడుతుంది, గోడ చెమ్మ ఎక్కదు. పాత ఇళ్లలో పటాలను పైనుంచి ముందుకు వంచి కట్టేవాళ్లు. వెనక గాలి ఆడటానికి, అద్దంలో వెలుతురు మెరవకుండా ఉండటానికి కూడా అది మంచి పద్ధతే.

నీళ్లు దిగాక

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి భారీగా నీళ్లు వదలడంతో తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. వరదలో తడిసిన ఫొటోలను ఎండలో ఆరబెట్టడం మనం చేసే మొదటి పొరపాటు. అతుక్కున్నవి అతుక్కున్నట్టే గట్టిపడతాయి. అలా కాకుండా శుభ్రమైన చల్లటి నీళ్ల బకెట్లో ఉంచి, వాటంతటవి విడివడేదాకా ఆగాలి. తర్వాత ఒక్కొక్కటే మెల్లగా జాడించి, బొమ్మవైపు ముట్టుకోకుండా, పైకి తిప్పి నీడలో పరవాలి. రెండు రోజులు దాటితే జిలటిన్ కుళ్లడం మొదలవుతుంది. అంత తీరిక లేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచవచ్చు, తర్వాత చూసుకోవచ్చు. గాజు పలకల నెగటివ్‌లను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టవద్దు. పటంలో ఉన్న ఫొటోను తడి ఆరకముందే అద్దం నుంచి తీయాలి.

జపాన్‌లో 2011 సునామీ తర్వాత మియాగి ప్రాంతంలోని యమమోతో అనే చిన్న పట్నంలో వాలంటీర్లు బురదలో దొరికిన దాదాపు ఏడున్నర లక్షల ఫొటోలను ఇలాగే కడిగి, ఆరబెట్టి, సొంతదార్లకు చేర్చడానికి ప్రయత్నించారు. ముఖాలు పూర్తిగా చెరిగిపోయినవాటిని కూడా పారేయక ప్రదర్శనలుగా తిప్పారు.

వెనకవైపు పేర్లు

ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి, ఒత్తిడి ముందువైపుకు గీతలై తేలుతుంది. పాత కాగితం ఫొటోల మీద మెత్తటి పెన్సిల్ చాలు. ఇప్పటి ప్లాస్టిక్ పూత ఫొటోల మీద పెన్సిల్ నిలవదు, పిగ్మెంట్ సిరా పెన్ను వాడి పూర్తిగా ఆరనివ్వాలి. పేరు, ఊరు, సంవత్సరం, గుంపు ఫొటో అయితే ఎడమ నుంచి కుడికి వరసగా అందరి పేర్లూ రాయాలి. సూరత్‌లో గుజరాతీ, హిందీ, ఇంగ్లిషు బడులకు వెళ్లే మనవలకు తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. కాబట్టి అక్కడి ఇళ్లలో తెలుగులో రాసి, కిందే వాళ్లు చదవగలిగిన లిపిలో ఇంకోసారి రాయండి. ‘చిన్నమ్మ’ అని వదిలేయకుండా ఆమె పేరు కూడా రాయండి. ఒకరికి చిన్నమ్మ అయినామె ఇంకొకరికి వదిన, మరొకరికి అమ్మమ్మ.